18 మందితో 200 కిలోమీటర్లు: గ్రూపు ముక్కలు కాకుండా నడపడం ఎలా

మీరు అడిగింది ఇది. మీ సైకిల్ క్లబ్బులో 18 మంది ఉన్నారు. డిసెంబరులో పెద్ద అంబర్‌పేట నుంచి విజయవాడ హైవే మీద 100 కి.మీ. వెళ్లి, అంతే దూరం వెనక్కి రావాలి. కిందటిసారి 150 కి.మీ. రైడ్‌లోనే గ్రూపు నాలుగు ముక్కలైంది, చివరి నలుగురు చీకటి పడ్డాక చేరారు. కాబట్టి ఈసారి సగటు వేగం ఎంత పెట్టాలి, ఆ వేగం అందుకోలేనివాళ్లను ముందే ఎలా తప్పించాలి?

రెండో ప్రశ్న పక్కన పెట్టండి. గ్రూపు చెదిరేది వెనకున్నవాళ్ల వల్ల కాదు, ముందున్నవాళ్ల వల్ల. ఆలస్యమయ్యేదేమో రోడ్డు మీద కాదు, టిఫిన్ సెంటర్ దగ్గర.

లెక్క చూడండి. 200 కి.మీ.ని గంటకు 22 కి.మీ. వేగంతో తొక్కితే 9 గంటల 5 నిమిషాలు, 25తో తొక్కితే 8 గంటలు. అందరూ చెమటోడ్చి మూడు కిలోమీటర్ల వేగం పెంచుకుంటే మిగిలేది గంటా ఐదు నిమిషాలు. 18 మంది ఒకే హోటల్‌లో దిగి, ఒక్కొక్కరు ఒక్కోటి ఆర్డర్ ఇచ్చి, దోశ కోసం కూర్చుని, ఫొటోలు దిగి, బాటిళ్లు నింపుకుని బయల్దేరేసరికి గంట దాటుతుంది. అలాంటివి రెండైతే పెంచిన వేగమంతా అక్కడే పోయింది. పైగా ఆ వేగానికి అలసినవాళ్లు తర్వాతి స్టాపులో ఇంకాసేపు కూర్చుంటారు.

గుంపుగా దూరం తొక్కడంలో ఫ్రాన్సువాళ్లు ఈ లెక్క ఎప్పుడో తేల్చుకున్నారు. 1904లో మొదలైన ఆడాక్స్ పద్ధతిలో గుంపంతా రోడ్ కెప్టెన్ల వెనక ఒకే వేగంతో వెళ్తుంది. ఆ వేగం, ఇదే పద్ధతిలో ఇప్పుడు జరిగే యూరాడాక్స్ రైడ్లలో, గంటకు 22.5 కి.మీ. మన దగ్గర జరిగే బ్రెవేలు (గడువులోపు దూరం పూర్తిచేసే రైడ్లు) వేరు. అవి ఎవరి వేగం వారిది అనే పద్ధతి, 200 కి.మీ.కి 13 గంటల 30 నిమిషాల గడువు. చాలా క్లబ్బులు పేరుకు గ్రూప్ రైడ్ అని, తొక్కడం మాత్రం బ్రెవేలా తొక్కుతాయి. కిందటిసారి మీకు జరిగింది అదే అయి ఉంటుంది. ఏది కావాలో ముందే తేల్చుకుని వాట్సాప్‌లో రాసి పెట్టండి. గ్రూప్ రైడే అయితే చదును మీద 22 నుంచి 24, అంతకు మించి వద్దు.

18 మందిని ఒకే వరుసలో నడపకండి. ఆరుగురు చొప్పున మూడు జట్లు చేసి, 5 నిమిషాల తేడాతో వదలండి. ప్రతి జట్టుకూ ముందు ఒక కెప్టెన్, చివర ఒక స్వీప్, అంటే వెనకబడినవాళ్లను చూసుకునే మనిషి. అందరికంటే బలంగా తొక్కేవాళ్లను కెప్టెన్ చేయడం మామూలుగా జరిగే పొరపాటు. కెప్టెన్‌గా కావలసింది స్పీడ్ మీటర్ మీద కన్నేసి 23 అంటే 23 పట్టుకోగల మనిషి. బలమైనవాళ్లను స్వీప్‌గా వేయండి. పంక్చర్ అయితే ఆగి, సరిచేసి, వెనకబడినవాళ్లను తన చక్రం వెనక పెట్టుకుని జట్టు దాకా లాక్కురావాల్సింది వాళ్లే.

వెనకున్నవాళ్లు ఎందుకు తెగిపోతారో లెక్కతో చూపిస్తే ముందున్నవాళ్లు వింటారు. ఒక్కో సైకిల్ 1.7 మీటర్లు, మధ్య ఖాళీ ఒక మీటరు అనుకుంటే 16 మంది వరుస దాదాపు 43 మీటర్లు. బారికేడ్ల దగ్గర వేగం 10కి పడిపోయింది. మొదటి సైకిల్ బారికేడ్ దాటిన 15 సెకన్లకు గానీ చివరిది దాటదు. ముందున్న మనిషి దాటీ దాటగానే 25కి ఎక్కిస్తే ఈ 15 సెకన్లలో చివర 50 మీటర్లకు పైగా ఖాళీ పడుతుంది. అది పూడ్చాలంటే చివరి మనిషి 40 సెకన్ల పాటు 30 వేగంతో ఒంటరిగా గాలిని చీల్చుకుంటూ తొక్కాలి. గాలికి పెట్టే బలం వేగం ఘనంతో పెరుగుతుంది. 24 నుంచి 27కి వెళ్తేనే ఆ ఖర్చు 40 శాతం పెరుగుతుంది, 30 అయితే దాదాపు రెట్టింపు. ఇలాంటివి పూటకు ఇరవై జరిగితే, ముందున్న మనిషికి హాయిగా సాగిన రైడ్ చివరి మనిషికి ఇంటర్వెల్ ట్రైనింగ్ (మాటిమాటికీ గట్టిగా తొక్కి తగ్గించే కసరత్తు) అవుతుంది. 130వ కిలోమీటర్ దగ్గర ఆ మనిషి ఆగిపోతే ఫిట్‌నెస్ లేదంటారు. లేనిది ఫిట్‌నెస్ కాదు, ముందు చక్రానికి ఓపిక.

మందు తేలికే. బారికేడ్, టోల్ గేట్, యూటర్న్, రంబుల్ స్ట్రిప్స్ ఏది దాటినా కెప్టెన్ 15 వేగంలోనే ఉండాలి. స్వీప్ "ఆల్ క్లియర్" అని అరిచాక, ఆ మాట ఒకరి నుంచి ఒకరికి ముందుకు అందాక, అప్పుడు నెమ్మదిగా పెంచాలి. ఆరుగురి జట్టులో దీనికి పది సెకన్లు పట్టదు. జట్లుగా విడగొట్టమనడానికి అసలు కారణం ఇదే.

ఇక వరుసలో తొక్కడం. హైవే మీద ఒకరి వెనక ఒకరే, తెల్ల గీతకు ఎడమవైపు షోల్డర్ మీద. కబుర్ల కోసం పక్కపక్కన తొక్కడం స్టాపు దాకా మానుకోవాలి. కొత్తవాళ్లకు ముందు సైకిల్‌తో ఒక మీటరు, మీటరున్నర దూరం చాలు. అంత దూరంలో కూడా గాలి చాటు బాగానే దొరుకుతుంది. రెండు అంగుళాల దగ్గరికి పోయి టీవీలో రేసర్లలా అంటుకుని తొక్కాల్సిన పని లేదు.

ఒక్కటి మాత్రం ప్రతి మనిషికీ విడిగా చెప్పండి. మీ ముందు చక్రం ఎప్పుడూ ముందు సైకిల్ వెనక చక్రం పక్కకు రాకూడదు. వెనకే ఉండాలి. ఆ సైకిల్ గుంత తప్పించబోయి అర అడుగు పక్కకు జరిగితే దాని వెనక చక్రం మీ ముందు చక్రాన్ని నెడుతుంది. ముందున్న మనిషికి చిన్న కుదుపు, అంతే. పడేది మీరు, మీ మీద పడేది మీ వెనకున్నవాళ్లు. గ్రూప్ రైడ్లలో పళ్లు, కాలర్ బోన్లు విరిగేది ఎక్కువగా ఇలాగే. ముందు సైకిల్ టైర్‌నే చూస్తూ తొక్కేవాళ్లకు ఇది ఎక్కువ జరుగుతుంది. చూపు ముందున్న మనిషి భుజం మీదుగా ఇంకా ముందుకు ఉండాలి. టైర్ కంటి చివర కనిపిస్తే చాలు.

దగ్గరైపోతున్నాం అనిపిస్తే బ్రేక్ నొక్కకండి. తొక్కడం ఆపి, నడుము నిటారుగా చేయండి. గాలి తగిలి వేగం తనంతట అదే తగ్గుతుంది. మిట్ట మీద సీటు వదిలి లేచేటప్పుడు సైకిల్ ఒక క్షణం వెనక్కి జరిగినట్టవుతుంది. వెనక మనిషి చక్రానికి తగలడానికి అది చాలు. అందుకని "లేస్తున్నా" అని చెప్పి, పెడల్ కిందికి నొక్కుతూ లేవాలి.

ముందు తొక్కే వంతు 3 నిమిషాలు. ఎదురుగాలి ఉంటే 2. ఓపిక ఉన్నా అంతకంటే ఎక్కువసేపు ఉండొద్దు. కొత్తవాళ్లు నిమిషం తొక్కి తప్పుకున్నా పర్వాలేదు, అసలు ముందుకు రాకున్నా తప్పు లేదు. వంతు మారడం ఇలా: ముందున్న మనిషి వెనక్కి ఒకసారి చూసి, కుడి మోచేయి రెండుసార్లు ఆడించి, ఎడమకు జరగాలి. వరుస కుడివైపు నుంచి దాటుతుంది. ఎడమకు ఎందుకంటే కుడివైపు లారీలుంటాయి. దీనికి షోల్డర్ కనీసం రెండు మీటర్ల వెడల్పు ఉండాలి. ఇసుక పేరుకుని సన్నబడిన చోట వంతులు మార్చకండి, వెడల్పు వచ్చేదాకా అదే వరుస సాగనివ్వండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు కొత్తగా ముందుకొచ్చిన మనిషిది. ముందు ఖాళీ రోడ్డు కనబడగానే కాలు తనంతట అదే నొక్కుతుంది, 23 కాస్తా 26 అవుతుంది. తప్పుకున్న మనిషి అప్పటికే అలసి ఉంటారు, వరుస చివర అందుకోలేక తెగిపోతారు. ముందుకొచ్చిన మనిషి వేగం పెంచకూడదు, తప్పుకున్న మనిషి రెండు కిలోమీటర్లు తగ్గించాలి. వరుసలో చివర ఉన్నవాళ్లు పక్క నుంచి పోతూ "లాస్ట్" అంటారు. అది వినగానే మళ్లీ తొక్కడం మొదలెట్టి వెనక చేరాలి.

చేతి సైగలు ఉండాలి, కానీ నమ్ముకోవాల్సింది నోటిని. గతుకుల్లో చేతులు హ్యాండిల్ మీదే ఉండాలి. మాటలు పొట్టిగా పెట్టుకోండి: "గుంత ఎడమ", "స్లో", "ఆగుతున్నాం", "కుక్క", "ఎదురు బండి", "పంక్చర్". ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు, విన్న ప్రతి మనిషీ మళ్లీ అరవాలి. ప్రతి గులకరాయికీ అరిస్తే అసలు గుంత వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు మీ రోడ్డు సంగతి. ఎన్‌హెచ్ 65 మీద హోటళ్లు, నీళ్లు, బస్సులు అన్నీ దొరుకుతాయి, మొదటి 200కి అది మంచిదే. కానీ ఇది వేగంగా పోయే రోడ్డు. సంక్రాంతి వారం మాత్రం దాని జోలికి పోకండి. ఊళ్లకు పోయే కార్లు పంతంగి టోల్ దగ్గర బారులు తీరతాయి, షోల్డర్ మీదకు కూడా ఎక్కుతాయి.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, విజయవాడ కృష్ణ ఒడ్డున. అంటే పోయేటప్పుడు మొత్తం మీద పల్లం, వచ్చేటప్పుడు మిట్ట. కంటికి తెలియదు, కాలికి తెలుస్తుంది. పోయేటప్పుడు 27 హాయిగా వస్తుంటే మనం ఇవాళ ఊపు మీదున్నాం అనుకుంటారు. ఊపు రోడ్డుది. కెప్టెన్లు పట్టు విడవకూడనిది ఇక్కడే. చలికాలంలో మనవైపు గాలి ఎక్కువగా తూర్పు నుంచి వస్తుంది, కాబట్టి తిరుగు ప్రయాణంలో కొంత వెన్నుదన్ను దొరుకుతుంది. ఇదే రైడ్ జూలైలో పెట్టుకుంటే పడమటి గాలి, మిట్ట రెండూ వచ్చేటప్పుడే ఎదురవుతాయి.

ఇంకో చిక్కు సూర్యుడిది. ఈ రోడ్డు తూర్పుకు పోతుంది. తెల్లవారాక పోయేటప్పుడు ఎండ మీ ముఖం మీద పడుతుంది, సాయంత్రం వచ్చేటప్పుడూ ముఖం మీదే. మీ వెనక వచ్చే లారీ డ్రైవర్‌కీ అంతే, ఆ వెలుగులో మీరు ఆయనకు కనపడరు. కాబట్టి వెనక లైట్ పగలు కూడా వెలగాలి. జట్టులో అందరివీ నిలకడగా వెలగాలి, స్వీప్‌ది ఒక్కటే మిణుకుమనాలి. ఆరు లైట్లూ మిణుకుమంటే వెనకున్న మనిషికి కళ్లు తిరుగుతాయి. రిఫ్లెక్టివ్ జాకెట్, హెల్మెట్ లేనివాళ్లను బయల్దేరనివ్వకండి.

డిసెంబరు మధ్యలో సూర్యోదయం 6:35 ప్రాంతంలో, అస్తమయం 5:40 దాటాక. దాన్ని బట్టి 22 సగటుతో టైమ్ ఇలా కుదురుతుంది. దూరాలు దాదాపుగా ఇస్తున్నా, ముందే ఒకసారి కారులో కొలుచుకోండి:

5:30 – పెద్ద అంబర్‌పేట నుంచి బయల్దేరడం
6:50 – చౌటుప్పల్, 30 కి.మీ., 10 నిమిషాలు
8:25 – నార్కట్‌పల్లి, 60 కి.మీ., టిఫిన్, 35 నిమిషాలు
10:50 – 100 కి.మీ. దగ్గర మలుపు (నకిరేకల్ దాటి, సూర్యాపేట చేరకముందే పడుతుంది), 10 నిమిషాలు
12:50 – మళ్లీ నార్కట్‌పల్లి, 140 కి.మీ., భోజనం, 40 నిమిషాలు
2:50 – చౌటుప్పల్, 170 కి.మీ., టీ, 15 నిమిషాలు
4:30 – ముగింపు

రెండు పంక్చర్లకు అరగంట కలిపినా ఐదింటికి చేరతారు. చీకటికి ఇంకా 40 నిమిషాలుంటుంది. ఎల్బీ నగర్ దాకా గ్రూపుగా పోవాలనుకోకండి. సాయంత్రం హయత్‌నగర్ ట్రాఫిక్‌లో వరుస అనేది ఉండదు, అందుకే ముగింపు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) బయటే పెట్టాలి.

పొద్దున్నే బాటసింగారం దగ్గర పండ్ల మార్కెట్‌కు వచ్చిపోయే లారీలు, ఆటోలు అడ్డం తిరుగుతుంటాయి. అక్కడ వేగం తగ్గించి పోండి. ఇక రోజంతా ఉండే ప్రమాదం షోల్డర్ మీద రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు. వాళ్లు సాధారణంగా అంచునే పట్టుకుని వస్తారు, మీరే కుడికి జరగాలి. ఈ జరగడం ముందు నుంచి కాదు, వెనక నుంచి మొదలవ్వాలి. కెప్టెన్ "ఎదురు బండి" అని వేగం తగ్గిస్తారు. స్వీప్ వెనక్కి చూసి, లారీ లేకపోతే ముందు తను కుడికి జరిగి "క్లియర్" అంటారు. అప్పుడు మిగతావాళ్లు. కెప్టెన్ చటుక్కున కుడికి కొడితే వెనకున్నవాళ్లు వెనక చూడకుండానే లారీ దారిలోకి పోతారు. వెనక క్లియర్ లేకపోతే ఆగిపోవడమే. ఆగి నిలబడితే బైక్ అతనే పక్క నుంచి పోతాడు. ధాబాల ముందు షోల్డర్ మీద నిలిపిన లారీలను దాటడానికీ ఇదే పద్ధతి.

వానాకాలం కోతలయ్యాక సర్వీస్ రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పెడతారు, కొన్నిచోట్ల నల్ల టార్పాలిన్ కప్పుతారు. పొద్దువాలాక రెండూ కనపడవు. వడ్ల మీద టైర్ బాల్ బేరింగుల మీద జారినట్టు జారుతుంది. అక్కడ బ్రేక్ వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, నిటారుగా జారనివ్వాలి. వీలైతే దిగి నడిపించుకుని పక్క నుంచి పోండి. అది రైతు ఆరు నెలల కష్టం, దాని మీద చక్రాలు తిప్పుతూ పోవడం మర్యాద కూడా కాదు.

స్టాపుల దగ్గర పని పంచుకోండి. సపోర్ట్ బండి ముందే వెళ్లి టిఫిన్ చెప్పాలి, మెనూ ఒకటే ఉండాలి. ఇడ్లీ, ఉప్మా మంచివి. పూరీ, మిర్చి బజ్జీ వద్దు. నూనె కడుపులో నిలిచి తర్వాతి రెండు గంటలు కాళ్లు కదలవు. దిగగానే ముందు బాటిల్ నింపుకోవాలి, తర్వాత బాత్రూమ్, తర్వాత తిండి. బయల్దేరే ఐదు నిమిషాల ముందు స్వీప్ విజిల్ వేయాలి. మధ్యాహ్నం పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ చాలు. బిర్యానీ ముగింపు దాకా ఆగుతుంది.

తిండి అంటే స్టాపులో తినేది ఒక్కటే కాదు. గంటకు 40 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. ఆకలేసినప్పుడు తిందామంటే అప్పటికే ఆలస్యం. ఒక మాదిరి అరటిపండులో 25 గ్రాములు, మామూలు ఖర్జూరాలు ఐదింటిలో 30 దాకా వస్తాయి. పల్లీ పట్టి ముక్క ఒకటి జేబులో ఉండాలి. ప్రతి అరగంటకూ కెప్టెన్ "తినండి" అని అరవడం చిన్నతనంగా అనిపిస్తుంది గానీ, 150 తర్వాత సత్తువ దిగిపోయి రోడ్డు పక్కన కూలబడేవాళ్ల సంఖ్య దానితోనే తగ్గుతుంది.

నీళ్లు చలికాలంలో గంటకు 500 మి.లీ., ఎండెక్కాక 750 దాకా. వట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వికారం దాని గుర్తులు. అప్పుడు ఇంకా నీళ్లు తాగించకూడదు, ఉప్పున్నది తినిపించాలి. మాట తడబడినా, తికమకగా ఉన్నా ఆసుపత్రికే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ 20.5 గ్రాములు సరిగ్గా ఒక లీటరుకు. 750 బాటిల్‌లో మొత్తం పోస్తే చిక్కనై కడుపు తిప్పుతుంది. అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములే, కాబట్టి అది తిండికి బదులు కాదు. డబ్బాల్లో వచ్చే తీపి డ్రింకులను ఓఆర్‌ఎస్ అనుకుని కొనకండి, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

పంక్చర్లు ఈ రోడ్డు మీద తప్పవు. పెద్ద కారణం మేకు కాదు, పేలిన లారీ టైర్ల నుంచి రాలిన ఉక్కు తీగ. వెంట్రుకంత సన్నం, మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవు. టైర్‌లో దూరితే బయటికి కనపడదు. ట్యూబ్ మార్చి గాలి కొడతారు, ఐదు కిలోమీటర్లలో మళ్లీ దిగుతుంది, ట్యూబ్ పాడైందని తిట్టుకుంటారు. తీగ ఇంకా టైర్‌లోనే ఉంటుంది.

కాబట్టి వరుస ఇది. దిగిన ట్యూబ్ తీసి, కొంచెం గాలి కొట్టి, చెంప దగ్గర పెట్టుకుని తిప్పితే రంధ్రం తెలుస్తుంది. వాల్వ్ నుంచి అది ఎంత దూరంలో ఉందో చూసి, ట్యూబ్‌ను టైర్ పక్కన పెట్టి, అదే చోట టైర్‌ను వెతకాలి. టైర్ బిగించేటప్పుడే దాని మీద కంపెనీ పేరు సరిగ్గా వాల్వ్ ఎదురుగా వచ్చేలా పెట్టుకుని ఉంటే ఈ పని అర నిమిషంలో అవుతుంది. లేకపోతే టైరంతా తడమాలి. వేలితో గట్టిగా రుద్దితే తీగ గుచ్చుకుంటుంది, చిన్న గుడ్డ ముక్క లోపల తిప్పితే దానికి తట్టుకుంటుంది. ఆ చోట టైర్‌ను వెనక్కి మడిస్తే కొన బయటపడుతుంది. కనుబొమ్మలు తీసే ప్లక్కర్‌తో లాగాలి, గోళ్లతో రాదు. ట్యూబ్ మీద పాము కాటులా రెండు రంధ్రాలు పక్కపక్కన ఉంటే తీగ కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ కొట్టింది. రంధ్రం రిమ్ వైపు ఉంటే రిమ్ లోపలి టేప్ పక్కకు జరిగింది. నాలుగైదు సన్న రంధ్రాలుంటే పల్లేరు కాయలు. టీ కొట్టు దగ్గర సైకిల్‌ను మట్టిలోకి దొర్లించకుండా ఎత్తి పెడితే అవి చాలావరకు తప్పుతాయి.

గాలి 70 కిలోల మనిషికి 28 ఎంఎం టైర్‌లో 75–80 పీఎస్‌ఐ, 32లో 60 దాకా, 35 హైబ్రిడ్‌లో 50–55 సరిపోతుంది. ప్రతి మనిషి దగ్గరా తన సైజువే రెండు ట్యూబులుండాలి. జట్టులో ఎవరి దగ్గరో ఉంటుందిలే అనే మాట ఇక్కడ పనిచేయదు. హైబ్రిడ్ ట్యూబ్ రోడ్ బైక్‌కు పట్టదు, లావు ష్రేడర్ వాల్వ్ సన్నటి ప్రెస్టా వాల్వ్ కోసం చేసిన రంధ్రంలో దూరదు, 40 ఎంఎం లోతు రిమ్‌కు పొట్టి వాల్వ్ బయటికే రాదు. తెగిన చైన్‌ను కలిపే క్విక్‌లింక్ కూడా అంతే, 8 స్పీడ్‌ది 11 స్పీడ్‌కు పడదు. టైర్ చీలితే లోపల పెట్టడానికి పాత టైర్ ముక్క ఒకటి, చక్రం నట్లతో ఉంటే 15 నంబర్ స్పానర్ ఒకటి.

పంక్చర్ అయినప్పుడు అందరూ రోడ్డు దిగి నిలబడాలి. పని చేసేది ఇద్దరే, మిగతావాళ్లు తింటారు. పావుగంట దాటేలా ఉంటే స్వీప్ ఒక్కరు తోడుండి, జట్టు తర్వాతి స్టాపుకు వెళ్లిపోవాలి. రోడ్డు పక్కన ఎవరి కోసమూ ఎదురుచూడొద్దు, కలుసుకునేది రాసిపెట్టిన స్టాపుల దగ్గరే.

సపోర్ట్ బండి మీ వెనక 22 వేగంతో పాకకూడదు. 80తో వచ్చే లారీకి దానికంటే పెద్ద అడ్డంకి ఇంకోటి లేదు. అది తర్వాతి స్టాపుకు వెళ్లి, రోడ్డు దిగి ఆగాలి. అందులో 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, నిలబెట్టి కొట్టే పెద్ద పంపు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె. చేతి పంపుతో 80 పీఎస్‌ఐ రావాలంటే రెండు మూడు వందల సార్లు కొట్టాలి. ప్రమాదమైతే 108, హైవే సాయానికి 1033. ఫోన్‌లో చెప్పడానికి దాటిన కిలోమీటర్ రాయి నంబర్ స్వీప్‌కు ఎప్పుడూ గుర్తుండాలి.

ఎవరు రావచ్చు అనేదానికి నా కొలత ఒకటే: గత నాలుగు వారాల్లో ఒకసారి 120–130 కి.మీ. తొక్కి ఉండాలి. వేగం ఎంతైనా సరే. అంత తొక్కనివాళ్లను ఆపకండి. పోయి వచ్చే రూట్ కాబట్టి నార్కట్‌పల్లి నుంచి వెనక్కి తిరిగితే 120 అవుతుంది, ముందే చెప్పి పేరు రాసుకోండి. మొత్తం జట్టుకు ఒక గడువు కూడా పెట్టండి. 100 కి.మీ. మలుపు 11:45 లోపు రాకపోతే ఎక్కడున్నా అక్కడి నుంచే తిరగాలి. ఆ సమయం కెప్టెన్ల హ్యాండిల్ మీద టేప్ అంటించి పెన్నుతో రాసి ఉంటే రోడ్డు మీద వాదన ఉండదు.

రైడ్‌కు రెండు వారాల ముందు ఓఆర్‌ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద, నార్సింగి–కొల్లూరు భాగంలో, తెల్లవారుజామున జనం పలచగా ఉన్నప్పుడు ఒక పూట సాధన చేయండి. లారీలు ఉండవు, అరుపులు వినిపిస్తాయి. వంతు మార్చడం ఒక్కొక్కరు పదిసార్లు చేయాలి. ప్రతిసారీ కెప్టెన్ మీటర్ చూసి, ముందుకొచ్చిన మనిషి వేగం ఎంత పెరిగిందో పైకి చదవాలి.